చేతులు ఊరుకోని తాత, మూడో జామచెట్టు

అనగనగా ఒక ఊళ్ళో గవరయ్య అనే తాత, ఆదెమ్మ అనే అవ్వ ఉండేవారు. వాళ్ళ పెరట్లో మూడు జామచెట్లు. పండు కొరికితే లోపల ఎర్రగా ఉండేది, ఎంత తీపో.

గవరయ్య మంచివాడే, కానీ చేతులు ఊరుకోవు. వానాకాలం వస్తే పార పట్టుకుని, ఏడాదికో చెట్టు వంతున మొదలు చుట్టూ తవ్వేవాడు. తవ్వితే చెట్టుకి బలమట. వద్దంటే వింటాడా? మీ తాతయ్య ఎప్పుడైనా విన్నాడా?

ఒక ఏడు మొదటి చెట్టుకి తవ్వాడు. దసరా నాటికి ఆకులు పండుబారి వడిలిపోయాయి. పాపం దాహమేమో అని బిందెలతో నీళ్ళు పోశాడు. అప్పుడు అది ఇంకా ఎండిపోయింది.

మరుసటి ఏడు అవే వానలు, అదే పార, రెండో చెట్టు. దీపావళికి పుల్లలే మిగిలాయి. ఆ పుల్లలు పొయ్యిలో పెడుతూ ఆదెమ్మ ఏడ్చింది.

ఆ తర్వాత రోళ్ళు పగిలే ఎండలొచ్చాయి. మూడో చెట్టు పచ్చగానే ఉంది. "ఎండల్లో ఎండని చెట్టు వానల్లో ఎండడమేంటి? పారకి వేళ్ళు తెగి, ఆ గుంటలో నీళ్ళు నిలిచి తెగులు పడుతోంది" అనుకుంది ఆదెమ్మ.

అప్పుడే కూతురు నూకరత్నం పురిటికొచ్చి ఆడపిల్లని కంది. "బాలింతనని ఇప్పుడు జామపండు పెట్టవు. ఐదో నెలలో అత్తారింటికి వెళ్ళేటప్పుడు సారెలోనైనా మన పళ్ళు పెట్టవే అమ్మా" అంది. ఉన్నది ఒక్క చెట్టు. అదీ పోతే కూతురికి ఏం పెట్టి పంపాలని ఆదెమ్మకి గుబులు పట్టుకుంది.

వానలు పడ్డాయి. గవరయ్య పార అందుకున్నాడు. "ఇదిగో, పిల్లని పట్టుకో, నీళ్ళు కాగాయేమో చూసొస్తా" అని ఆదెమ్మ మనవరాలిని అతని చేతుల్లో పెట్టింది. మర్నాడు మళ్ళీ పార, మళ్ళీ పిల్ల. మూడోనాడు పార వైపే చూడలేదు. "పిల్లేదే?" అంటూ తనే చేతులు చాచాడు.

ఆదెమ్మ చెట్టు దగ్గర నీళ్ళు నిలవకుండా చిన్న కాలవ తీసి వదిలేసింది. ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదంటారు. పిల్లది ఎలాగూ బోడిగుండే, ఇప్పుడు తాతా ఊరుకున్నాడు.

దసరా వెళ్ళింది, దీపావళి వెళ్ళింది, ఒక్క ఆకు వడలలేదు. కొమ్మలు వంగేలా కాసింది.

"చూశావా, ఈసారి చెట్టుని ఎంత బాగా చూసుకున్నానో" అన్నాడు గవరయ్య.

"నువ్వు చూసుకున్నది పిల్లని" అంది ఆదెమ్మ.

సారెబుట్ట నిండా పళ్ళు పెట్టి కూతుర్ని సాగనంపింది. బండి మలుపు తిరిగాక గవరయ్య తన ఖాళీ చేతులు చూసుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. పార ఏదని మాత్రం అడగలేదు. అప్పుడు ఆదెమ్మ ఆ చేతుల్లో ఒక జామపండు పెట్టింది.

కథ కంచికి,
పళ్ళు సంచికి,
నిద్ర నీ కంటికి.
మనం ఇంట్లోనే ఉన్నాంగా, ఇక పడుకో తల్లీ.