పుల్లమ్మ గుడ్డుకు బుడిపె

ఒకప్పుడు పుల్లపురుగు గుడ్లు తెల్లగా, మెత్తగా ఉండేవి. తల్లి వాటిని ఆకుకి అంటించి పెట్టేది. చూసిన ప్రతివాళ్ళకీ అవి గుడ్లని ఇట్టే తెలిసిపోయేది.

ఆముదం చెట్టు మీద, అచ్చం ఎండుపుల్లలా కనిపించే పుల్లమ్మ అనే పుల్లపురుగు ఉండేది. దానికి అందరి మీదా అనుమానమే. గాలి వీచినా "నిన్నెవరు పంపారు?" అని అడిగేది. ఊరికే కాదులెండి. అంతకుముందు పెట్టిన గుడ్లన్నిటికీ ఎవరో బెజ్జాలు పొడిచారు. ఒక్క పిల్లా బయటికి రాలేదు.

ఈసారి గుడ్లు పెట్టగానే చిన్న కందిరీగ ఒకటి వచ్చి వాలింది.

"వదినా, బాగా చిక్కిపోయావు. వెళ్ళి నాలుగు ఆకులు తినిరా. గుడ్లు నేను చూస్తుంటాలే" అంది తియ్యగా.

'పుల్లపురుగుని పట్టుకుని చిక్కిపోయావంటుందేమిటి? నేను పుట్టిందే ఇలా!' అనుకుంది పుల్లమ్మ. వెళ్ళినట్టే వెళ్ళి, పక్క కొమ్మ మీద పుల్లలా నిలబడి చూసింది.

కందిరీగ అటూ ఇటూ చూసింది. మెల్లగా ముల్లు బయటికి తీసి గుడ్డులో దింపబోయింది.

"ఓసి దొంగా! నువ్వేనా!" అంటూ పుల్లమ్మ దాని మీదికి ఉరికింది.

"ఏ ఆకు మీద పెట్టినా నాకు కనిపిస్తాయిలే" అంటూ కందిరీగ ఎగిరిపోయింది.

పుల్లమ్మకి ఏడుపొచ్చింది. కిందికి చూస్తే చీమలు ఆముదపు గింజలు మోసుకుపోతున్నాయి.

"వాటినేం చేస్తారు? నిజం చెప్పండి!"

"గింజ కొసన ఈ బుడిపె ఉంది చూశావా? కమ్మగా ఉంటుంది" అంది ముందున్న చీమ. "దాన్ని కొరుక్కు తిని, గింజని పుట్టలో చెత్తగదిలో పారేస్తాం. బుడిపె ఉంటే గింజ, లేకపోతే కాదు. మా ఇంటి పద్ధతి అంతే."

"చెత్తగదిలోకి కందిరీగ వస్తుందా?"

"వస్తే మళ్ళీ పోతుందా!" అని చీమ నవ్వింది.

ఆ నవ్వు పుల్లమ్మకి నచ్చలేదు. కానీ వేరే దారి లేదు. "అమ్మా, నా గుడ్లని నీ గింజల్లా చెయ్యవూ?" అని ఆముదం చెట్టుని బతిమాలింది.

"గట్టి పెంకు ఇస్తాను సరే, నీ పిల్ల బయటికెలా వస్తుంది?" అని చెట్టు కాసేపు ఆలోచించింది. చివరికి పెంకుకొక మూత పెట్టి, మూత మీద బుడిపె అతికించింది.

పుల్లమ్మ కొత్త గుడ్లని పైనుంచి టప్పున పడేసింది. చీమ ఆగి తడిమింది.

"ఇది గింజేనా?"

పుల్లమ్మ కొమ్మ అంచుదాకా వచ్చి తొంగిచూసింది.

"బుడిపె ఉందిగా. పదండి!" అంది ఇంకో చీమ.

కళ్ళముందే బిడ్డల్ని చీమలు ఎత్తుకుపోతుంటే ప్రాణం విలవిల్లాడింది. అయినా పుల్లమ్మ కదల్లేదు.

వానలు వచ్చాయి, వెళ్ళాయి. ఒకరోజు చీమల కన్నంలోంచి నల్లటిదేదో వచ్చి, చీమలాగే చకచకా చెట్టెక్కింది.

"ఎవరు నువ్వు? నిన్నెవరు పంపారు?" అని పుల్లమ్మ గద్దించింది.

అది హడలిపోయి, ఉన్నచోటే చిన్న పుల్లలా బిగుసుకుపోయింది. పుల్లమ్మ అనుమానంగా చాలాసేపు చూసింది.

"నా తల్లే! నువ్వా!" అని దాన్ని గట్టిగా పొదువుకుంది.

అప్పటినుంచే పుల్లపురుగు గుడ్డు అచ్చం గింజలా, మూత మీద బుడిపెతో ఉంటోంది. తల్లి దాన్ని కింద పడేసి చీమలకే వదిలేస్తోంది. అనుమానం మాత్రం పోలేదు. దగ్గరికెళ్ళి చూడండి, కొమ్మ మీద పుల్లలా బిగుసుకుపోయి, 'వీళ్ళనెవరు పంపారు?' అని మనల్నే చూస్తుంటుంది.