కిక్కురుమనని రేడియో

పిల్లలూ, మనముండే చోట మీకిది చెప్పేవాళ్లు లేరు, అందుకే చెబుతున్నాను. వెనకటికి సముద్రం ఒడ్డున, ఊళ్లన్నిటికీ దూరంగా ఒక జాలరిపేట ఉండేది. తుఫాను కబురు అందక ఏటా పడవలు మునిగేవి. చివరికి సర్కారువారు చేత్తో పట్టుకెళ్లే రేడియోలు రెండు పంపారు. ఒకటి మునసబుగారికి, ఒకటి పేటకి. నెల గడిచినా రెండూ మునసబుగారింట్లోనే ఉన్నాయి.

నూకాలు మొగుడు ఆ సాయంత్రం వేటకు బయల్దేరాలి. ఆకాశం చూస్తే మబ్బులు కమ్ముకొస్తున్నాయి. ఆమె నలుగురిని వెంటేసుకుని మునసబుగారింటికి వెళ్లి పేట రేడియో అడిగింది.

"నీకు నచ్చింది నువ్వే తీసుకోవే," అని మునసబుగారు రెండింటి మీటలూ తిప్పారు. పెద్దది గరగరమంటూ ఇల్లదరగొట్టింది. చిన్నది కిక్కురుమనలేదు.

"చిన్నదే ఇప్పించండి బాబూ."

"పిచ్చి మొహమా, అది పలకడం లేదు కదే!"

"రెండూ ఒకేనాడు కొత్త బ్యాటరీలతో వచ్చాయి కదా బాబూ. దీని బ్యాటరీలు అయిపోయేదాకా తమరు విన్నారు. పెద్దదాన్ని గరగర విని పక్కన పెట్టేశారు. ఇంత దూరంలో మాట అందేది దేనికో తమరే తేల్చేశారు."

నూకాలు పెద్దదాని బ్యాటరీలు తీసి చిన్నదానిలో వేసింది. వెంటనే రేడియో స్పష్టంగా పలికింది: తుఫాను వస్తోంది, వేటకు వెళ్లవద్దు.

"మరి నా బ్యాటరీల మాటేమిటి?" అన్నారు మునసబుగారు.

"గరగర వినడానికి బ్యాటరీలెందుకు బాబూ?" అంటూ నూకాలు ఒడ్డుకు పరుగెత్తింది. ఆ సాయంత్రం ఒక్క పడవా నీళ్లలో దిగలేదు.

నూకాలును మరిచిపోకండి. మీ స్నేహితులకూ ఈమె గురించి చెప్పండి.