నిద్రబట్టల సుంకం

"పొద్దు వాలేలోగా మీ మూటలు మీ చేతిలో పెడతాం. ప్రజాసేవే మా ఊపిరి" అని రేవు సుంకం ఆఫీసులో పెద్దాయన ముకుందయ్య తవిటమ్మకి మాటిచ్చాడు. ఆ పొద్దు వాలింది. ఆ తరవాత ఇంకా బోలెడు పొద్దులు వాలాయి.

తవిటమ్మది చిన్న బట్టల కొట్టు. ఓడ మీద తెప్పించినవి నూలు పైజామా జతలు, ధర్మాసుపత్రి పిల్లల కోసం. చలి ముదిరేలోగా ఇస్తానని వాళ్ళకి చెప్పింది. అవి నిద్రపోవడానికి వేసుకునేవైతే సుంకం కొంచెం. వీధిలోకి వేసుకెళ్ళేవైతే మోయలేనంత. అంత సుంకం పడితే పిల్లలకి బట్టలుండవు, ఆమెకి కొట్టుండదు.

"భయం లేదమ్మా. చట్టాన్ని అక్షరం పొల్లుపోకుండా చదివే ఆఫీసు దేశంలో ఇదొక్కటే" అన్నాడు ముకుందయ్య.

"మా తెలివి ఎవరూ ఎత్తుకుపోకుండా రోజూ ఆఫీసులోనే పెట్టి తాళం వేసి వెళ్తాం" అన్నాడు గుమాస్తా గవరయ్య.

చట్టంలో 'నిద్రపోవడానికి వేసుకునేవి' అని ఉంది. అంటే ఎవరో ఒకరు వేసుకుని నిద్రపోవాలి. అంతే, ముకుందయ్య ఒక జత తొడుక్కున్నాడు. పైజామా మోకాళ్ళ దగ్గరే ఆగిపోయింది.

"ఇది నిక్కరు. రాసుకో."

"పిల్లల కొలత బాబూ" అంది తవిటమ్మ.

"పిల్లల సంగతి చట్టంలో లేదమ్మా" అంటూ ఆయన బల్ల మీద పడుకున్నాడు.

గవరయ్య చెవి దగ్గర చేరి "నిద్రపోయారా అండీ?" అని అడిగాడు.

"ఆఁ, పోయాను."

"పోయినవాళ్ళు మాట్లాడరు కదండీ."

"నిజమే. ఈ బట్టల్లో నిద్ర పట్టదని రాసుకో."

తవిటమ్మ తల పట్టుకుంది. "కాసేపు పలకరించకుండా ఉండు నాయనా" అని గవరయ్యని బతిమాలింది. ఇంకేముంది, ముకుందయ్య గుర్రు పెట్టాడు. ఆమెకి ప్రాణం లేచొచ్చింది. అంతలో ఆయన నిద్రలోనే లేచి, గుమ్మం దాటి, టీకొట్టు దాకా నడిచి బెంచీ మీద కూర్చున్నాడు. గవరయ్య వెనకాలే పరిగెత్తి 'వీధిలోకి వేసుకెళ్ళేవి' అని రాసేశాడు.

"పిల్లల నిద్ర మీకెలా వస్తుంది బాబూ? పిల్లలు తొడుక్కుని పడుకుంటే కదా తేలేది" అంది తవిటమ్మ.

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. ఇంత తెలివైన మాట తమకే తట్టిందనుకున్నారు. అంతే, మూటలు ఆసుపత్రికి బయల్దేరాయి.

మధ్యాహ్నం అన్నాలయ్యాక పిల్లలు కొత్త పైజామాల్లో మంచాలెక్కారు. "నిద్రపోయారా?" అని గవరయ్య గుమ్మంలోంచి కేకేశాడు. "పోయాం" అన్నారందరూ, ఒక్క పైడితల్లి తప్ప. ఆ పిల్ల నోరు తెరుచుకుని నిజంగానే నిద్రపోతోంది.

"చూశారా బాబూ, ఇంకేం సాక్ష్యం కావాలి?" అంది తవిటమ్మ, దుప్పటి సర్దుతూ.

"నిద్రపోతున్నానని ఆ పిల్ల తన నోటితో చెప్పాలమ్మా" అన్నాడు ముకుందయ్య.

వంగి అడిగాడు. పలకలేదు. లేపితే నిద్ర కాదు, లేపకపోతే జవాబు రాదు. అలాగని చట్టం తన పని తాను చేసుకుపోకుండా ఉంటుందా? ఆయన జేబులోంచి కాగితం తీసి, నాలుగు ముక్కలు రాసి, ముద్ర కొట్టి, పిల్ల పైజామాకి పిన్నుతో గుచ్చాడు. తవిటమ్మ వంగి చదివింది.

'నీవు నిద్రపోతున్నావా, లేదా? డిసెంబరు పదో తేదీలోగా జవాబు చెప్పవలెను.'