మూడు పెళ్లిళ్ల అనుభవం

నల్లకొండ అడవిలో మాఘమాసం వచ్చిందంటే ఒకపక్క రేగుపళ్లు రాలతాయి, ఇంకోపక్క పెళ్లిళ్లు మొదలవుతాయి. ఉడుతలు ఆ పళ్లు ఏరి, ఎండబెట్టి, తొర్రలో దాచుకోవాలి. వేసవి గడిచేది వాటితోనే. ఆ ఏడు వెండిచార అనే పడుచు ఉడుత మాత్రం పళ్ల జోలికి పోలేదు. కొత్త కెమెరా పట్టుకుని పెళ్లిళ్ల వెంట పడింది.

అంతవరకూ అడవిలో పెళ్లి ఫొటోలు తీసేది ముసలి దేవాంగపిల్లి ఒక్కడే. పెద్ద కళ్లు, నిదానమైన చేతులు. జీలకర్ర-బెల్లం పెట్టే క్షణానికి ఒకే ఒక్కసారి నొక్కేవాడు. పెళ్లికి ఒక తేనెపట్టు తీసుకునేవాడు. చెట్లెక్కే ఓపిక పోయాక ఆయనకు అదే తిండి.

పెళ్లి పనులన్నీ గుత్తకు తీసుకునే నక్క ఒకరోజు వెండిచారను పిలిచాడు.

"ఏమే పిల్లా, లేళ్లవారింట పెళ్లి. వచ్చి ఫొటోలు తియ్యి."

"ఏమిస్తావు బాబాయ్?"

"ఇవ్వడమా! నీకింకా కెమెరా పట్టుకోవడమే రాదు. నేనే నీ దగ్గర ఫీజు పుచ్చుకోవాలి. అనుభవం వస్తుంది, నలుగురిలో పేరొస్తుంది. మూడు పెళ్లిళ్లు ఊరికే తియ్యి. నాలుగోది ఏనుగులవారిది. దానికి ముసలాయన తీసుకునేంతా నీకే."

"మరి తాత?"

"ఆయన సంగతి నేను చూసుకుంటాలే."

మొదటి పెళ్లిలో వెండిచారకు గురి కుదరలేదు. సగం ఫొటోల్లో పెళ్లికూతురి బదులు పందిరి రాట పడింది. రెండో పెళ్లికి చెయ్యి కుదిరింది. తిరిగొచ్చే దారిలో దేవాంగపిల్లి ఎదురయ్యాడు. ఆయన్ని ఆ నెలలో ఎవరూ పిలవలేదు.

"నా పక్కన కూర్చోవే, నేర్పుతాను. వచ్చిన తేనె చెరి సగం తిందాం."

"నీ పక్కన కూర్చుంటే నా పేరెవరికి తెలుస్తుంది తాతా?"

ముసలాయన తన దారిన పోయాడు.

మూడోది అడవిపందుల పెళ్లి. అప్పగింతలప్పుడు పెళ్లికూతురి కంట్లో నీరు తిరిగిన క్షణాన్ని వెండిచార పట్టుకుంది. ఫొటో చూసి తల్లిపంది మురిసిపోయింది.

"బాగా తీశావమ్మా! మీ నక్కకి రెండు తేనెపట్లు ఇచ్చింది దండగ కాలేదు."

"రెండా? దేనికి పిన్నీ?"

"ఫొటోలకే! అడిగి మరీ తీసుకున్నాడు."

వెండిచార తిన్నగా నక్క గుహకు పోయింది. నక్క మూతి నాక్కుంటున్నాడు.

"తీసుకున్నానే, కాదన్నానా? నీకు అనుభవం, నాకు తేనె. ఎవరిది వారికి ముట్టింది."

"పోనీ, ఏనుగులవారి పెళ్లి నాదేగా?"

"దానికి కుందేలు పిల్ల వస్తోంది."

"దానికేం వచ్చు?"

"ఏమీ రాదు. అందుకే ఊరికే తీస్తుంది. నీకు పని వచ్చేసింది, ఇక కూలి అడుగుతావు."

ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, ఏరు దాటాక బోడి మల్లన్న. వెండిచార కుందేలు పిల్ల దగ్గరికి పరుగెత్తింది.

"ఊరికే తియ్యకే చెల్లీ! ఆ నక్క నిన్ను వాడుకుంటున్నాడు."

"నేర్చుకోవద్దా అక్కా? నువ్వూ ఊరికే తీశావటగా?"

వెండిచార వెనుదిరిగింది.

ఇంటికి వచ్చేసరికి ఫాల్గుణం ఎండలు ముదిరాయి. చెట్ల కింద పళ్లు లేవు, తొర్రలో గింజ లేదు. ఆకలితోనే దేవాంగపిల్లిని వెతుక్కుంటూ పోయింది. ఆయన పొద కింద ఒక పక్కకు ఒరిగి ఉన్నాడు. ఎముకలు లెక్కపెట్టవచ్చు.

"తాతా, తప్పయింది. నేర్పు."

"నేర్పడానికేముందమ్మా! పందులవారి పిల్ల కన్నీరు తీశావట, అడవంతా చెప్పుకుంటోంది. నీకు పని వచ్చు."

"మరి నన్నెవరూ పిలవరేం?"

"నన్నెందుకు పిలవరో నిన్నూ అందుకే. మనిద్దరికీ పని వచ్చు గనక."

ఏనుగులవారింట బాజాలు మోగిన రోజునే ఆయన ప్రాణం పోయింది. వెండిచార తన రెండు చేతులతో ఆయన కళ్లు మూయబోయింది. అవి చాలా పెద్ద కళ్లు. దాని చేతులు చాలలేదు.

మన పనిని ఇంకొకడు అమ్ముకుంటున్నాడంటే, మనం నేర్చుకునే రోజులు అప్పటికే అయిపోయినట్టు.