గ్యాలరీ చీటీ

ఓవెన్ ప్రోసర్‌కు ఆ వారమంతా మనసు కుదురుగా లేదు. వేల్స్‌లోని బొగ్గుగనుల ఊరి నుంచి గెలిచి, ఇరవై తొమ్మిదేళ్ళకే లండన్ పార్లమెంటులో అడుగుపెట్టాడు. గురువారం అతని మొదటి ప్రసంగం.

కామన్స్ సభలో దానికొక ఆనవాయితీ ఉంది. మొదటిసారి మాట్లాడేవాడికి ఎవరూ అడ్డుతగలరు. అతను మాత్రం తనకు ముందు ఆ స్థానంలో ఉన్న సభ్యుడి గురించి నాలుగు మంచి మాటలు చెప్పాలి. ఆ మనిషిని తనే ఓడించి వచ్చినా సరే.

ఓవెన్ ఓడించింది సర్ లయొనెల్ క్రూని. పాతికేళ్ళు సభ్యుడిగా ఉండి, కూలి పెంచాలన్న మాట వచ్చినప్పుడల్లా గని యజమానుల పక్షాన ఓటేసిన పెద్దమనిషి. ఓవెన్ పదకొండు పేజీలు రాసుకుని ఆయన్ని ఉతికి ఆరేశాడు.

ఆ కాగితాలు పట్టుకుని ఎడ్విన్ హాడో దగ్గరికి వెళ్ళాడు. పార్టీలో హాడో పాతకాపు. సభలో ఎప్పుడు లేవాలో, ఎప్పుడు నోరు మూసుకోవాలో ఓవెన్‌కు నేర్పింది ఆయనే. లైబ్రరీలో థేమ్స్ నది వైపు కిటికీ పక్క కుర్చీ ముప్పై ఏళ్ళుగా ఆయనదే. అందులో ఇంకొకరు కూర్చోగా చూసినవాళ్ళు లేరు.

"చెయ్యని మంచి నేనెలా చెప్పను? అబద్ధమాడమంటారా?" అన్నాడు ఓవెన్.

హాడో పదకొండు పేజీలూ తీరిగ్గా చదివాడు. బాగా వచ్చిందన్నాడు. తన మొదటి ప్రసంగం ఇంతకంటే ఘాటుగా సాగిందనీ, పత్రికలు వారం రోజులు తనను ఆకాశానికెత్తాయనీ చెప్పి, నదివైపు తిరిగాడు.

"నేను ఓడించిన ముసలాయన ఆ రోజు సందర్శకుల గ్యాలరీలో ఉన్నాడట. నాకు తెలియదు. అయిపోయాక మెట్ల దగ్గర ఎదురొచ్చి, 'చలికాలం మూడో వరుసలో కూర్చోకు బాబూ, అక్కడ గాలి కొడుతుంది' అని చెప్పి వెళ్ళిపోయాడు. అంతే, మళ్ళీ కనబడలేదు."

హాడో మూడో వరుసలో ఎన్నడూ కూర్చోడని సభలో అందరికీ తెలుసు. అది ఆయన చాదస్తమని ఓవెన్ కూడా నవ్వినవాడే.

హాడో జేబులోంచి సందర్శకుల గ్యాలరీ చీటీ ఒకటి తీసి, కలంతో సహా ముందు పెట్టాడు.

"సర్ లయొనెల్ పేరు రాసి పంపు. ఆయన ఎదుటే చదువు. ఒక్క అక్షరం మార్చకు."

ఓవెన్ పౌరుషంగా కలం అందుకున్నాడు. 'లయొనెల్ క్రూ' అని రాసేసరికి చెయ్యి ఆగిపోయింది. ఆ పేరు ఒకసారి సిరాతో రాసి ఉండగా చూశాడు. తన పదో ఏట గని కూలీ అయిన నాన్న పోయినప్పుడు అమ్మకు వచ్చిన ఉత్తరం కింద. స్వహస్తాలతో రాసిన నాలుగు పేజీలు. అమ్మ ఇప్పటికీ బిస్కెట్ల డబ్బాలో దాచుకుంది. ఎన్నికల పొడుగునా ఆ సంగతి తలుచుకోకుండా తప్పించుకు తిరిగాడు. ఓవెన్‌కు సిగ్గేసింది.

చీటీ మాత్రం ఆ సాయంత్రమే పంపాడు.

గురువారం మధ్యాహ్నం ఓవెన్ లేచి నిలబడి తల పైకెత్తాడు. గ్యాలరీ ముందు వరుసలో, ఒళ్ళో ఓవర్‌కోటు పెట్టుకుని, బాగా చిక్కిపోయిన సర్ లయొనెల్ కూర్చుని ఉన్నాడు. కూలి గురించిన పేజీలు ఓవెన్ చేతిలోనే ఉన్నాయి. మిగతావి తీసుకురాలేదు.

"స్పీకర్ గారూ, నాకు పదేళ్ళప్పుడు మా అమ్మకొక ఉత్తరం వచ్చింది," అన్నాడు.