ఏనుగుకి రాసినంత

నందిగుట్ట సంస్థానాధీశుడు ఉద్దండరాయలికి ఒకరోజు తానూ పోతానేమోనన్న అనుమానం వచ్చింది. అంతకుముందు ఎవరూ చెప్పలేదు పాపం. ఆస్థానంలో అలాంటివి చెప్పేవాళ్లకి జీతాలుండవు.

వెంటనే దివాన్ పేర్రాజుని కూర్చోబెట్టి తన సొంత ఆస్తికి వీలునామా రాయించాడు. నిండు కొలువులో చదివించాడు.

"ఇందులో తప్పు పట్టినవాళ్లకి కోరింది ఇస్తాను" అన్నాడు మీసం దువ్వుతూ.

పట్టపుటేనుగు భద్రుడికి పూటకెంత బెల్లం, ఎన్ని కొబ్బరికాయలు, ఏ చెరువులో స్నానం, కాలికి ముల్లు దిగితే ఏ వైద్యుడు, అన్నీ వివరంగా ఉన్నాయి. పట్టపురాణి నీలాంబ దగ్గరికి వచ్చేసరికి మాత్రం గంటం అలిసిపోయినట్టుంది. "రాణిగారికి తగినట్టు దివాన్‌గారు చూడవలెను. మిగిలినది దివాన్‌గారే అనుభవించవలెను." అంతే.

సభ ఆహా అంది. అంత బరువు మోయాల్సి వచ్చినందుకు పేర్రాజు ఎంతో వినయంగా తల వంచాడు.

రాజు వెనక వింజామర వీస్తున్న గవరమ్మ చెయ్యి ఆగిపోయింది. పెళ్లయిన కొత్తలో రాజు "ఈ మామిడితోట నీదే" అని రాణితో అన్నప్పుడు పక్కనే ఉన్నది తనే. ఆ మొక్కలకి రాణితో కలిసి నీళ్లు మోసిందీ తనే. వీలునామాలో ఆ తోట ఊసే లేదు.

"గాలి ఆగిందేమే?" అన్నాడు రాజు.

"కొత్త చెప్పులైనా నాలుగడుగులు నడిచి చూసి పుచ్చుకుంటారు, ప్రభూ. ఈ చెప్పు కరిచేది తమరి కాలిని కాదు కాబట్టి తమరికి బాగానే ఉంటుంది."

"అయితే ఏం చెయ్యమంటావ్?"

"ఒక్కపూట పోయి చూడండి."

రాజుకి నాటకాలంటే ప్రాణం. పకపకా నవ్వి ఒప్పుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే రాజు పోయినట్టు చాటించారు. అది నాటకమేననీ, రాజు వేటకి వెళ్లాడనీ అందరికీ చెప్పారు. వెళ్లింది వేటకి కాదు, రాణి కూర్చునే తెర వెనక్కి. ఈ సంగతి గవరమ్మకీ రాణికీ తప్ప ఎవరికీ తెలియదు. ఏం విన్నా పెదవి విప్పకూడదని రాజు దగ్గర గవరమ్మ ముందే మాట తీసుకుంది. రాణి మాత్రం హాయిగా మామిడితోటకి వెళ్లిపోయింది.

పేర్రాజు ఆసనం ఎక్కాడు. చావు ఉత్తుత్తిదే కావచ్చు, పెత్తనం రుచి ఉత్తుత్తిగా ఉండదు.

"రాణిగారికి భోజనం వేళయింది, బాబుగారూ. పప్పు, నెయ్యి, గడ్డపెరుగు కావాలంటున్నారు" అంది గవరమ్మ.

"భర్త పోయినావిడకి గడ్డపెరుగా?" పేర్రాజు చెవులు మూసుకున్నాడు. "సాయంత్రం కాసిని అటుకులు చాలు. ఆరోగ్యం కూడాను."

తెర వెనక కడుపు గుర్రుమంది. రాణి ఏడుస్తోంది కాబోలని పేర్రాజు జాలిపడ్డాడు.

"పోనీ, తన మామిడితోటలో నాలుగు పళ్లు కోసుకోవచ్చా అంటున్నారు."

"తన తోటా? రాసిచ్చిన పత్రమేదీ? ఆలుమగల మధ్య సవాలక్ష మాటలు నడుస్తాయి. వాటికి చెట్లు కాస్తాయా?"

"తన గదిలోనన్నా ఉండనిస్తారా?"

"మా బావమరిది సంసారం దిగుతోంది అందులోకి. ఏనుగుశాల పక్క కొట్టు ఖాళీగా ఉంది. మంచి గాలి."

అంతలో మావటి వచ్చి దణ్ణం పెట్టాడు. "భద్రుడి బెల్లం, కొబ్బరికాయలు, బాబయ్యా."

"ఇచ్చెయ్, ఇచ్చెయ్. రాసి ఉంది. తగ్గించడానికి మనమెవరం?"

పరపరమని తెర చిరిగింది. ఆకలికి ముఖం వాడి, కోపానికి కళ్లు ఎర్రబడి ఉద్దండరాయలు బయటికొచ్చాడు.

"నా ఏనుగుకి బెల్లం, నాకు అటుకులా?"

పేర్రాజు ఆసనం మీంచి జారి నేలమీద పడ్డాడు. "చిత్తం, తగినట్టు చూడమన్నది ప్రభువులే. నాకు తోచినంతలో తగినట్టే..."

"వీణ్ణి..." అని రాజు కత్తిమీద చెయ్యి వేశాడు.

గవరమ్మ అడ్డొచ్చింది. "ఆయనదేం తప్పు, ప్రభూ? వడ్డించేదీ ఆయనే, మిగిలింది తినేదీ ఆయనే అని తమరే రాయించారు. అలాంటి గరిటె ఎప్పుడన్నా నిండుగా లేస్తుందా?"

రాజు చెయ్యి దించాడు. అప్పటికి రాణి కూడా కొంగు నిండా మామిడిపళ్లతో వచ్చి నిలబడింది. రాజు ఆమె వైపు చూడలేక గవరమ్మ వైపు చూశాడు.

"మరి ఇప్పుడు రాణికి ఏమని రాయించను?"

"పెద్దగా ఆలోచించొద్దు, ప్రభూ. రాణిగారిని కూడా ఏనుగే అనుకుని రాయించండి."

అందరికన్నా ముందు రాణి నవ్వింది. ఆ తర్వాత నవ్వొచ్చా కూడదా అని చూసుకుని సభంతా నవ్వింది. మావటి మాత్రం ఇందులో నవ్వేందుకేముందో తెలియక నిలబడ్డాడు.

రాజు అక్కడికక్కడే పాత వీలునామా చింపించి కొత్తది మొదలుపెట్టించాడు. తోట పేరుతో సహా, గది పేరుతో సహా, గడ్డపెరుగుతో సహా. అమలు చేసే బాధ్యత చిల్లిగవ్వ వాటా లేని వాళ్లకి అప్పగించాడు. ఆ ఉద్యోగానికి పేర్రాజు ఆసక్తి చూపలేదు.

"ఇక నీ బహుమానం" అన్నాడు రాజు గవరమ్మతో. "కోరుకో. ఇచ్చేసినట్టే."

"ఏరు పక్క మెట్టచేను, ప్రభూ. అయితే ఒక్క మనవి."

"ఏమిటది?"

"తోట నీదే అని తమరు రాణిగారితో కూడా ఇలాగే నోటిమాటగా అన్నారు. గంటం ఎలాగూ చేతిలోనే ఉంది, నాది ముందు రాయించండి."