దారి అడగని పండితులు

వీరగిరి రాజు మాచభూపతికి ఉన్నట్టుండి పండితసభ మీద మోజు పుట్టింది. ఊరి నడిబొడ్డున, అంగడివీధుల మధ్య కొత్త మంటపం కట్టించాడు. నలుదిక్కుల నుంచీ నలభై మంది పండితుల్ని రప్పించి, ఊరంతా విడిదులు ఇప్పించాడు. వాళ్ళు మంటపానికి ఎలా రావాలో రాసిపెట్టే పని ఆస్థాన పండితుడు సోమయాజులుకి అప్పజెప్పాడు.

ఆయన ఏడు తాటాకులు రాశాడు. మొదటి మూడింటిలో రాజుగారి పరాక్రమం. తర్వాతి మూడింటిలో తన పాండిత్యం. ఏడో ఆకు చివర మాత్రం, మంటపం సూర్యుడిలా వెలుగుతుంటుంది కాబట్టి పోల్చుకోవడం కష్టం కాదని ఒక ముక్క రాసి వదిలేశాడు.

సభ మొదటిరోజు శంఖం ఊదేసరికి మంటపంలో నలుగురున్నారు. అందులో ముగ్గురు వంటవాళ్ళు.

మిగతా పండితులంతా సందుల్లో పడ్డారు. ఒక తర్కపండితుడు ఏనుగులసాలలో తేలాడు. ఇంకొకాయన గానుగవీధి చుట్టూ తిరిగి తిరిగి, సాయంత్రానికి తన విడిదికే చేరి, ఇదేనా మంటపమని అడిగాడట.

రాజు మండిపడ్డాడు. "రేపు పొరుగురాజు రాయబారి వస్తున్నాడు. ఆయనకు ఖాళీ మంటపం చూపించమంటారా?"

"ప్రభూ, లోపం నా రాతలో లేదు, వాళ్ళ బుర్రల్లో ఉంది" అన్నాడు సోమయాజులు. "దానికో వ్యాఖ్యానం కూడా రాసి పడేస్తాను."

సింహాసనం పక్కన తమలపాకులు చుడుతున్న కామసాని ఫక్కున నవ్వింది. రాజుకి తాంబూలం అందించడం ఆమె కొలువు. ఆపుకుందామనుకుంది గానీ అప్పటికే నవ్వు బయటికొచ్చేసింది.

"ఎందుకా నవ్వు?" అన్నాడు రాజు.

"తప్పు కాయండి ప్రభూ. వీధుల్నిండా జనం ఉన్నారు. ఒక్క పండితుడైనా నోరు తెరిచి దారి అడిగాడా? అడిగితే తనకు తెలియనిది ఒకటుందని ఊరికి తెలిసిపోదూ? ఈ జబ్బుకి వ్యాఖ్యానం పనిచేయదు."

సోమయాజులు ఒంటికాలి మీద లేచాడు. "అక్షరమ్ముక్క రానిదానివి, నువ్వు మాకు వైద్యం చేస్తావా? అయితే రేపు నువ్వే తీసుకురా! మంటపం నిండిందని కబురొస్తే తప్ప నేను ఇల్లు కదలను."

రాజుకి కోపం ఇంకా దిగలేదు. "సరే కామసానీ. రేపు శంఖం ఊదేలోగా నలభై మందీ రావాలి. రాలేదో, నీకీ కొలువూ లేదు, ఈ ఊరూ లేదు."

కామసాని తల్లి చేసిన కొలువది. ఈ ఊరు తప్ప ఆమెకు మరో ఊరు తెలియదు. నేరుగా అంగడివీధి వైపు నడిచింది.

మర్నాడు రాజూ రాయబారీ వచ్చి కూర్చున్నారు. మంటపంలో పండితుడన్నవాడు ఒక్కడూ లేడు. శంఖం ఊదేవాడు శంఖం తుడుచుకుంటున్నాడు. కామసాని వీధి వైపే చూస్తూ చుట్టిన ఆకులో సున్నం ఎక్కువ పడింది, రాజు నాలుక పొక్కింది.

అంతలో వీధిలో దబదబమని అడుగుల చప్పుడు. ఒక పండితుడు ఉత్తరీయం జారిపోతున్నా చూసుకోకుండా పరుగెత్తుకొచ్చాడు. వెనక ఇద్దరు ఒకేసారి దూరబోయి గుమ్మంలో ఇరుక్కున్నారు. శంఖం నోటికెత్తేసరికి నలభై మందీ కూర్చుని రొప్పుతున్నారు.

రాజు నోరు వెళ్ళబెట్టాడు. "ఏం మంత్రం వేశావే?"

కామసాని గొంతు తగ్గించింది. "కూడలికొకరిని పెట్టాను ప్రభూ, అందరూ పూలమ్మేవాళ్ళూ ఆకులమ్మేవాళ్ళూనే. పండితుడు కనబడితే దారి చెప్పొద్దన్నాను. మంటపం వైపు చెయ్యి చూపించి ఒక్క మాట అనమన్నాను."

"ఏ మాట?"

"అయ్యో, ఇప్పుడే ఇంకొకాయన ఇటే వెళ్ళాడండీ! తను వచ్చాక మిగతావాళ్ళు నోరెత్తలేరని చెప్పుకుంటూ పోయాడు!"

రాజు పకపకా నవ్వుతుండగానే బయట మళ్ళీ అడుగుల చప్పుడు. ఈసారి వచ్చింది సోమయాజులు. ఒంటి నిండా నలుగుపిండి, తల నుంచి నీళ్ళు కారుతున్నాయి, ఒక కాలికే పావుకోడు.

"ఎవడు వాడు? నా ఆసనం ఎక్కిన కుర్రకుంక ఎవడు?"

ముందువరసలో ఆయన ఆసనం ఖాళీగా ఉంది. ఆ కబురు ఆయన ఇంటికి మోసుకెళ్ళిన పూలమ్మేవాడు గుమ్మం చాటున నవ్వు ఆపుకుంటున్నాడు. కామసాని తాంబూలం పళ్ళెం పట్టుకుని వినయంగా ఎదురెళ్ళింది.

"రండి అయ్యగారూ! దారి కనుక్కోవడం కష్టం కాలేదు కదా?"

రాయబారి పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంటూనే రాజు తన మెడలోని ముత్యాలహారం తీసి కామసాని పళ్ళెంలో వేశాడు.